మాస్టారి పిడికిట్లో బంటు

నేను ఒక తెల్ల బంటును. ఏటికొప్పాకలో చేయి తిరిగిన పనివాడొకడు అంకుడు కర్రను లేత్ మిషను మీద తిప్పి నన్ను తీశాడు. మధ్యలో భోజనానికి పిలుపు వచ్చిందో ఏమో, నా మెడ చుట్టూ చెక్కిన పట్టీ అంచును నున్నగా చేయడం మరిచి లేచిపోయాడు. మిగతా ఏడుగురి మెడలూ వేలికి హాయిగా తగులుతాయి, నాది గీసుకుంటుంది. చెప్పుకోవడానికి నాకో కథ మిగిలిందంటే ఆ మతిమరుపు పుణ్యమే.

మా పెట్టె వాల్తేరులో రైలు కార్మికుల చదరంగం క్లబ్బుకు చేరింది. అక్కడ ఆదివారం సాయంత్రాలు బ్లిట్జ్ ఆడతారు. మనిషికి ఐదు నిమిషాలు. ఎత్తు వేయాలి, గడియారం నొక్కాలి, ఆలోచిస్తూ కూర్చున్నవాడి పని అయిపోయినట్టే. దీన్ని వాళ్లు సరదా అంటారు. వాళ్ల చేతుల్లో నలిగినవాణ్ణి గనక నేను ఆ మాట నమ్మను.

వ్యాగన్ షెడ్డులో ఫిట్టరుగా చేసే కూర్మారావు నాకు సేనాపతి. పావులు సర్దేటప్పుడు ఎనిమిది బంట్లనూ వేలితో తడిమి, గీసుకునే మెడ ఉన్న నన్నే ఏరి రాజుకు కుడిపక్క కాపలా పెట్టేవాడు. అదొక నమ్మకం. రెండో ఎత్తుకే నన్ను రెండు గడులు ముందుకు తోసి, అవతలి బంటు నోటికి అందించేవాడు. దాన్ని కింగ్స్ గాంబిట్ అంటారు. నన్ను ఎర వేసి, నేను ఖాళీ చేసిన దారిలో ఏనుగును దించి, ఎదుటి రాజు మీద పడాలన్నది ఎత్తుగడ. అది పారకపోతే తన రాజే వీధిన పడతాడు.

"మళ్లీ అదేటోయ్ కూర్మారావూ! పెద్దోళ్ల మీద ఇలాటివి పారవు. ఆళ్లు పుస్తకాలన్నీ తిరగేసుంటారు," అనేవారు చుట్టూ మూగినవాళ్లు.

"నిదానంగా ఆడితే ఎలాగూ చంపేత్తారు. ఐదు నిమిషాల్లో అయితే ఆళ్లకీ బయమేత్తాది," అనేవాడు కూర్మారావు.

పెద్దవాళ్లంటే అతని దృష్టిలో ఒక్కరే, పట్నాయక్ మాస్టారు. లెక్కల పంతులు, ఒకప్పుడు చదరంగంలో రాష్ట్రానికే మొదటివారు. తెల్లపావులు ఎప్పుడూ కూర్మారావుకే వదిలేసేవారు. ఇచ్చిన బంటును కాదనకుండా చంపి, ఎడమ పిడికిట్లో పెట్టుకుని, ఆట ముగిసేదాకా ఉంచుకునేవారు. అందుకే పదకొండేళ్లుగా ప్రతి ఆటలోనూ ఉండి కూడా నేను ఒక్క ఆటా చూడలేదు. నాకు తెలిసిందల్లా ఆ అరచెయ్యి. పొడిగా, చల్లగా ఉండేది. వేళ్ల మధ్య నన్ను తీరిగ్గా దొర్లించేవారు. దొర్లుతున్నానంటే కూర్మారావు ఓడిపోతున్నాడని అర్థం. పదకొండేళ్లూ దొర్లుతూనే ఉన్నాను.

కిందటి వేసవిలో కూర్మారావు పక్క గడుల్లోని పావుల్ని మోచేత్తో పడగొట్టడం మొదలుపెట్టాడు. నీటికాసులన్నారు డాక్టర్లు. చూపు చుట్టూ చీకటి ముసురుకుంటూ వస్తుందట, పోయింది తిరిగి రాదట.

ఒక ఆదివారం అతను మాస్టారి ఎదుట కూర్చుని, "ఇయ్యాలే ఆఖరాట మాస్టారూ. ఇంక బల్ల అంచులు కనబడ్డం లేదు. ఒక్కసారి మిమ్మల్ని గెలవాలనుంది. జాలిపడి మాత్రం ఇచ్చీయొద్దు," అన్నాడు.

"నేనెప్పుడైనా ఇచ్చానా?" అన్నారు మాస్టారు.

రెండో ఎత్తుకు నేను వెళ్లాను, చచ్చాను. పిడికిలి మూసుకుంది.

మొదటి నిమిషం మామూలుగానే దొర్లాను. మూడో నిమిషంలో వేళ్లు ఆగిపోయాయి. "గుర్రాన్ని కూడా ఇచ్చీసాడ్రా!" అని పైనెవరో అన్నారు. అరచెయ్యి చెమర్చింది. ఆ తర్వాత పిడికిలి ఎంతగా బిగుసుకుందంటే, నా మెడ అంచు కండలోకి దిగింది. వేళ్లలో నాడి దడదడ కొట్టుకుంటోంది. నేను కర్రనే, అయినా నాకూ భయం వేసింది.

"చెక్," అన్నాడు కూర్మారావు. గడియారం చప్పుడు. "మళ్లీ చెక్." ఇంకో చప్పుడు. నేను ఖాళీ చేసిన దారిలోనే ఏనుగు దిగిందట. "మేట్, మాస్టారూ."

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. "పోన్లే, మాస్టారు మంచి పని చేసారు," అని ఒకరు గొణిగారు. "కళ్లు పోతున్నోడికి ఆమాత్రం ఇవ్వాల మరి," అన్నారు ఇంకొకరు. చూపు తగ్గినవాడికి చెవులు తగ్గవని వాళ్లకు తోచలేదు.

"నిజమేనా మాస్టారూ? దానం చేసీసారా?" అన్నాడు కూర్మారావు.

"లేదయ్యా," అన్నారు మాస్టారు. కానీ దానం చేసినవాడూ ఆ మాటే అంటాడు కదా. ఎవరూ నమ్మలేదు. మాస్టారు లేచి వరండాలోకి నడిచారు. జరిగింది తెలిసిన సాక్షిని నేనొక్కణ్ణే, నాకు నోరు లేదు. ఇన్నేళ్లు చచ్చినా కలగని దుఃఖం నాకప్పుడు కలిగింది.

మెట్ల దగ్గర మాస్టారు చెప్పు పట్టీ బిగించడానికి వంగారు. ఒక్క చేత్తో అయ్యే పని కాదది. ఎడమ పిడికిలి తెరుచుకోలేదు. కుడిచేత్తో ఒక్కొక్క వేలే విప్పితే, లోపల నేనున్నాను. ఆట కాగానే నన్ను పెట్టెలో పడేయడం ఆయన ఎన్నడూ మరవలేదు. తన అరచేతిని కాసేపు చూసుకుని, ఒంటికాలి చెప్పుతోనే వెనక్కి తిరిగారు.

కూర్మారావు ఇంకా ఆ కుర్చీలోనే తలవంచుకుని ఉన్నాడు. మాస్టారు అతని బొటనవేలు పట్టుకుని తన అరచేతి మీద పెట్టారు. చర్మంలో నా మెడ పట్టీ లోతుగా దిగిన గాటు ఉంది. పదకొండేళ్లు ఆ అంచును తడిమే నన్ను ఏరుకున్న వేలది, దానికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ వేలు అటూ ఇటూ రెండుసార్లు కదిలింది.

"ఇంత గట్టిగా పట్టీసుకున్నారేటి మాస్టారూ?"

"భయమేసిందయ్యా," అన్నారు మాస్టారు.

కూర్మారావు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు. నన్ను అతని చొక్కా జేబులో వేసింది మాస్టారే.

క్లబ్బు పెట్టెలో నా చోట ఇప్పుడు సీసా మూత కాపలా కాస్తోందట. కూర్మారావుకు వెలుగుకూ చీకటికీ తేడా తెలుస్తుంది, అంతే. రోజూ నన్ను తీసి మెడ తడుముతాడు. ఆ అంచు అరిగిపోతోంది. నేనూ ఆ ఏడుగురిలా నున్నబడితే నన్ను పోల్చుకోలేడేమోనని మొదట్లో దిగులు పడ్డాను. ఇప్పుడా దిగులు లేదు. అతని జేబులో ఉన్నది నేనొక్కణ్ణే.