కర్ర అంతస్తుకు నీళ్ళు

పెద్దకోడలు మోకాళ్ళ మీద కూర్చుని తొమ్మిదో అంతస్తు నేల మీది మంచు తుడుస్తోంది. నేలంతా కర్రే. మందపాటి పలకల్ని క్రేనుతో దింపి, మరలు బిగించి, అంతస్తు మీద అంతస్తు లేపుతున్నారు. సిమెంటు దుమ్మన్నది లేదు. ఇన్నేళ్ళూ ఆమె చేసింది సిమెంటు స్లాబులు తడిపే పని. ఆ తడికి కాలివేళ్ళు ఒరిసిపోయాయి, గోళ్ళు పుచ్చిపోయాయి. తోడికోడలు మాత్రం ఏడాదిగా ఈ పని నుంచి కర్ర వాసనతో, కడిగినట్టున్న చేతులతో ఇంటికి వచ్చేది. ఒకే వంటింట్లో ఆ వాసన పక్కన నిలబడి కూర తరుగుతుంటే పెద్దకోడలికి కళ్ళలో కారం కొట్టినట్టుండేది.

చివరికి ఆ చిన్నదే మేస్త్రీతో చెప్పి తనను ఇక్కడ పెట్టించింది. అది ఇంకా మండింది. భర్త నడుము పడిపోయి మంచాన ఉన్నాడు, కాదనలేకపోయింది.

"తడి తగలనివ్వకక్కా. కర్ర ఉబ్బుతుంది" అంది చిన్నది.

"నిన్నగాక మొన్న వచ్చి నీళ్ళ సంగతి నాకు చెబుతున్నావా?"

"చెప్పకపోతే చెప్పలేదంటావు. చెబితే ఇదీ వరస."

మధ్యాహ్నం కొత్త పలకలు పరిచి అందరూ భోజనాలకు దిగారు. నిలువెండలో పలకల మీద సన్నటి బీటలు కనిపించాయి. బీట తీస్తే నీళ్ళు పట్టాలి, ఆమెకు తెలిసిందదే. మేస్త్రీ చూసి 'పెద్దామె పనే పని' అనాలి. అదీ చిన్నదాని ఎదుట. నిప్పంటుకుంటే వాడమని పెట్టిన పైపు విప్పి మూలమూలా తడిపింది.

మేస్త్రీ వచ్చేసరికి అతుకుల్లో నీళ్ళు నిలిచాయి.

"ఎవరిదీ పని?"

పెద్దకోడలు తడిచేతులు కొంగు కింద దాచుకుంది.

"నేనేనండీ. ఇందాక చేతులు కడుక్కుని పైపు కట్టడం మరిచిపోయాను" అంది అప్పుడే మెట్లెక్కి వచ్చిన చిన్నది.

మేస్త్రీ అరవలేదు. "ఏడాదిగా ఉన్నదానివి, నీకే తెలియకపోతే ఎలా? రేపటి నుంచి రాకు."

ఇద్దరూ గుడ్డలతో నీళ్ళు అద్ది తీశారు.

"నన్నెందుకు కాచావే?"

"బావగారికి మందులు కావాలి కదక్కా. మా ఆయనకు పనుంది, ఒళ్ళు బాగుంది. మాకేం పోతుంది?"

ఒళ్ళు బాగున్న మొగుడూ దానికే, మంచితనమూ దానికే. 'చల్లగా ఉండవే' అనాల్సిన నోరు "వెళ్ళి మీ బావకు అన్నం పెట్టు" అని ఊరుకుంది.

చిన్నది హెల్మెట్టు తీసి నేల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

హెల్మెట్టు వెల్లకిలా ఉంది. లోపలి పట్టీకి ఒక పిన్నీసు, దానికి చుట్టుకుని నాలుగు వెంట్రుకలు. ఒక్కటీ నెరవలేదు.