కృపాబాయి ముందుగా చెప్పేసిన సాక్ష్యం

ఇలా రా తల్లీ, ఆ ఫోను పక్కన పడేసి నా దగ్గరగా కూర్చో. మస్కట్‌లో మన కృపాబాయి కూతురు కెజియా క్రికెట్టాడిన సంగతి చెబుతాను.

కృపాబాయి బౌషర్‌లో ఆసుపత్రి నర్సు. ఆమె డ్యూటీకి వెళ్లగానే కెజియా బిల్డింగు కింద కార్ల మధ్య మగపిల్లలతో సమానంగా టెన్నిస్ బంతి బాదేది. ఏ కారు అద్దమో పగిలితే కృపాబాయి తిట్టిపోసేది, మళ్లీ కొత్త బంతి తనే కొని తెచ్చేది. చదువుకని ఇంగ్లండు వెళ్లిన ఆ పిల్ల అక్కడి యూనివర్సిటీ ఆడపిల్లల జట్టులో వికెట్ కీపరైంది, ఆఖరి ఏడు కెప్టెన్ కూడా అయింది. తెల్ల బట్టల్లో, పచ్చగడ్డి మీద, చలికి ముక్కు ఎర్రబడి నిలబడ్డ ఆ ఫోటోను చర్చిలో కృపాబాయి చూపించని మనిషి లేడు.

"ఫోటోలు సరే వదినా, ఆటెప్పుడు చూపిస్తావు?" అని పక్క ఫ్లాట్ అమ్మణ్ణి దెప్పేది.

రెండువేల పదిహేనులో కెజియా ఫిజియోథెరపిస్టుగా మస్కట్ తిరిగొచ్చి, ఇక్కడి ఆడవాళ్ల జట్టులో చేరింది. ఫైనల్ దాకా వచ్చారు. శుక్రవారం మధ్యాహ్నం, అల్ అమెరాత్‌లో ఆట. గల్ఫులో మన ఆరాధన కూడా శుక్రవారమే కదా! ఆ పొద్దున సాక్ష్యాల వేళ కృపాబాయి లేచి నిలబడింది. జరిగిన మేలు చెప్పుకోవలసిన చోట, సంతోషం పట్టలేక, జరగబోయేది చెప్పేసింది.

"నా బిడ్డను దేవుడు గెలిపించాడు, స్తోత్రం!"

సంఘమంతా స్తోత్రమంది. కూర్చున్నాక గాని ఆట ఇంకా మొదలే కాలేదని ఆమెకు తట్టలేదు.

అమ్మణ్ణి ఊరుకుంటుందా? "దేవుడి పేరు మీద చెప్పావు వదినా. పిల్ల ఓడిందా, నీది అబద్ధ సాక్ష్యమే!"

సగం సంఘం కార్లెక్కి అమెరాత్ వెళ్లింది. కృపాబాయి ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది. కెజియా అదరగొట్టింది. ఇంక నాలుగు పరుగులొస్తే గెలుపే, కాని చేతిలో మిగిలింది ఆఖరి వికెట్టు. అప్పుడొక బంతి బ్యాటుకు తగిలీ తగలనట్టు వెళ్లి అవతలి కీపరు జమీలా చేతుల్లో పడింది. జమీలా ఔటని అరిచింది. అంపైరు తల అడ్డంగా ఊపాడు. మనవాళ్లు ఊపిరి పీల్చుకునేలోగా కెజియా గ్లౌజులు విప్పుకుంటూ నడిచి వచ్చేసింది.

"ఇదేం పనే! ఆయన ఔటివ్వలేదుగా?" అని ఎదురెళ్లింది కృపాబాయి.

"తగిలిందమ్మా. నా చేతికి తెలిసింది."

"తెలిస్తే ఊరుకోమనవే ఆ చేతిని!" అంది అమ్మణ్ణి.

"ఇంగ్లండులోనూ ఇలాగే చేశావా?" అనడిగింది తల్లి.

"ఒకసారి చేశాను. ఓడాం. ఆ తరువాతే నన్ను కెప్టెన్ చేశారు."

ఇక్కడా ఓడారు. జమీలా కప్పు పట్టుకుని వచ్చి, కెజియా భుజం మీద చెయ్యి వేసి, తమ జట్టు ఫోటోలోకి లాక్కుపోయింది.

ఆ వారమంతా కృపాబాయిని తను చెప్పిన సాక్ష్యమే తొలిచింది. శుక్రవారం రాగానే మళ్లీ లేచింది. అమ్మణ్ణి మెడ తిప్పి చూసింది.

"పోయిన వారం చూడనిది చెప్పాను, తప్పే. ఈ వారం కళ్లారా చూసింది చెబుతున్నాను. ఎవరూ ఔటనకపోయినా నా బిడ్డ ఔటేనని వచ్చేసింది. మీరూ చూశారు."

అందరికన్నా ముందు "స్తోత్రం" అన్నది ఎవరనుకున్నావు? అమ్మణ్ణే!

ఇది మరిచిపోకు తల్లీ. రేపు నీ పిల్లలకు చెప్పేటప్పుడు, వాళ్లు మురుస్తారని గెలిచిందని మార్చేవు సుమా. ఓడిందనే చెప్పు.