జిబూతిలో కాలువలు ఎప్పుడు వదులుతారు?

మా చెల్లెలి మొగుడు ఇన్నయ్య జిబూతి రేవులో గుమాస్తా. యానాం మీద ఇంకా ఫ్రెంచి జెండా ఎగురుతున్న రోజులవి. జిబూతి కూడా వాళ్ళ ఏలుబడే గనక అక్కడ ఉద్యోగం దొరికింది. రెండేళ్ళకి సెలవు మీద వచ్చి, ఈసారి మా చెల్లెలు తెరేసాని కూడా తీసుకుపోతానన్నాడు. అది వెళ్ళడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేను.

తెరేసాకి మాత్రం ఆ దేశం గురించి ఎంత విన్నా ఆత్రం తీరేది కాదు. ఇన్నయ్య ఓపిగ్గా చెప్పేవాడు. ఆఫ్రికాకి తూర్పు అంచున, ఎర్రసముద్రం మొదట్లో ఉందట. సోమాలీలూ అఫార్లూ అక్కడి జనమట. దాదాపు అందరూ ముస్లిములే అయినా మన చర్చి ఒకటుందట. రేవులో బయల్దేరిన రైలు కొండలెక్కి ఇథియోపియా దాకా పోతుందట. సముద్రం కన్నా పల్లంలో ఒక ఉప్పు సరస్సు ఉందట, ఆ ఉప్పు తవ్వి ఒంటెల మీద వేసుకుపోతారట.

“మరి మన గోదారి లాంటిది ఏముందండీ?” అంది తెరేసా.

“ఏటి గట్లున్నాయి గానీ, నీళ్ళుండవు.”

అది తేలిగ్గా నవ్వేసింది. “కట్టేసుంటారు. జూన్‌లో వదుల్తారు కదా!”

తప్పు దానిది కాదు. అది మే నెల. యానాంలో మా అడవిపొలం పేట వైపు కాలువ కూడా కట్టేసే ఉంది. ఏటా ఎండాకాలం కట్టేస్తారు, తొలకరికి వదులుతారు. ఎండిన కాలువంటే మాకు నేడోరేపో నీళ్ళొచ్చే కాలువే.

ఇన్నయ్య ఇరకాటంలో పడ్డాడు. అవునంటే పెళ్ళాం వెంట వస్తుంది, కాదంటే ఒక్కడే ఓడెక్కాలి. అబద్ధమాడితే చెవి మెలేద్దామని నేను కాచుకుని కూర్చున్నాను.

“లేదు తెరేసా,” అన్నాడు. “అక్కడ కట్టేవాడూ లేడు, వదిలేవాడూ లేడు. వాన పడితే ఓ పూట పారుద్ది, అంతే. ఆ పూట ఊరంతా చూడ్డానికి పోద్ది.”

“మీరు చూశారా?”

“లేదు. ఒక్కణ్ణే ఏం పోతాన్లే అని గదిలోనే ఉండిపోయాను.”

నాకు సందు దొరికింది. “విన్నావుటే? చుక్క నీరు పారని చోటికి నిన్నెలా పంపనే? నోరు మూసుకుని ఇక్కడే ఉండు,” అని కేకలేశాను.

తెరేసా నా వంక చూసింది.

“అలాంటి చోటికి ఈయన్ని మాత్రం ఒక్కరినే ఎలా పంపనక్కా?”

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. లేచి వెళ్ళి దాని చీరలు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాను.