నా ఇష్టపూర్వకంగా

“అక్కడ నువ్వు నోరు తెరిచే పని లేదు. కూసుంటె చాలు” అన్నాడు మా ఆయన, నేను పులిహోర గిన్నెకు గుడ్డ కడుతుంటే.

కరీంనగర్‌లో ఒక రోజు శిక్షణ. కళా సంఘాలు ప్రభుత్వ సాయానికి దరఖాస్తు ఎట్లా రాసుకోవాలో హైదరాబాద్ నుంచి ఒక మేడమ్ వచ్చి నేర్పుతుంది. ఫీజు లేదు. సంఘానికి ఇద్దరు రావాలి, అందులో ఒకరు ఆడమనిషై ఉండాలి అని ఉత్తరంలో ఉంది. మా ఆయన జలపతిరావు నడిపే నాటక సమాజంలో ఆడవాళ్లు లేరు. రుక్మిణి వేషం కూడా మగవాళ్లే వేస్తారు. అందుకని నన్ను తీసుకుపోతున్నాడు.

లక్సెట్టిపేటలో బస్సెక్కినప్పటి నుంచి ఆయన చేతినే చూస్తున్నాను. కుడిచేతికి పగడపు ఉంగరం. మజ్జిగ ఆలస్యమైతే దానితో కంచం అంచు మీద కొడతాడు. తిట్టడు, చెయ్యెత్తడు. టక్, టక్, అంతే. అది వినగానే మజ్జిగ చెంబు పట్టుకొని ఉరుకుతాను. ఒకసారి జ్వరమొచ్చి వంట చేయలేనన్నాను. రిహార్సల్‌కు వచ్చిన వాళ్లందరినీ నేను పడుకున్న అర్ర గుమ్మం దాకా తోలుకొచ్చాడు. “చూసిపోండ్రి. దొరసాని పండుకున్నది. ఇయ్యాల మనకు ఉపాసం” అన్నాడు. వాళ్లు తలలు వంచుకున్నారు. నేను లేచి పొయ్యి అంటించాను. ఆ తర్వాత నెల పైగా నాతో మాట్లాడలేదు. నేను ఎదురుగా ఉండగానే పిల్లలతో అనేవాడు: “మీ అమ్మతోని చెప్పు, నీళ్లు తెమ్మని.”

హాల్లో చాలామంది ఉన్నారు. ఒగ్గు కథ వాళ్లు, భాగవతం వాళ్లు, భజన మండలి వాళ్లు. మేడమ్ నల్లబల్ల మీద రాస్తూ చెప్పింది. ప్రభుత్వం ఖర్చంతా ఇవ్వదు, నాలుగో వంతు సంఘమే పెట్టుకోవాలి. అది నగదే కానక్కరలేదు. సంఘం కోసం ఎవరైనా ఉచితంగా పని చేస్తుంటే దానికి కూలి కట్టి, ఆ విలువను సంఘం వాటాగా చూపొచ్చు.

“మా ఇంటిదాని పనికి కూలి కడితె సర్కారే నాకు బాకీ పడ్తది మేడమ్” అన్నాడు ఒగ్గు కథ లచ్చయ్య. అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వి, “రాయండి మరి” అంది.

మా ఆయన రాయడం మొదలుపెట్టాడు. రిహార్సల్ రోజుల్లో పదిమందికి రెండు పూటల వంట. వేషాల బట్టలు కుట్టడం, ఉతకడం. కిరీటాలకు తళుకు అతకడం. ఇవన్నీ ఆయనకు తెలుసా? ఒక్కటి కూడా మరిచిపోకుండా రాస్తున్నాడు. తెలియకనే పట్టించుకోవడం లేదని ఇన్నాళ్లు అనుకున్నాను.

మేడమ్ మా బల్ల దగ్గర ఆగి కాగితం చదివింది. “బాగా రాశారు. మీ నాలుగో వంతు వాటా ఇందులోనే తీరిపోయింది. ఈ పనంతా ఎవరు చేస్తారు?”

“ఇగో, మా ఇంట్ల ఆమెనే.”

“అయితే ఆమె సంతకం కావాలి” అని మేడమ్ కాగితం తిప్పి నా ముందు పెట్టింది. అచ్చులో రెండు వరుసలున్నాయి. పైకే చదివింది: “ఈ పనిని ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా, ప్రతిఫలం కోరకుండా చేసినట్లు ధ్రువీకరిస్తున్నాను.” చదివి, మాతో అంది: “సాయంత్రం ఇవి నేనే తీసుకుపోతాను. సంతకం లేకపోతే చెల్లదు.”

“పెట్టు” అన్నాడు ఆయన, పెన్ను మూత తీసి ఇస్తూ.

పెన్ను పట్టుకున్నాను. నాకు కిష్టవ్వ గుర్తొచ్చింది. మా ఆయన ఊళ్లో దొరగా ఉన్నప్పుడు మా ఇంటి చాకిరీ అంతా ఆమెదే. వెట్టి. ఆమెకు ముందు ఆమె అత్త చేసింది. వెట్టి చేయొద్దని చెప్పే రైతు కూలీ సంఘపోళ్లు ఊరికి వచ్చిన ఏడాది, ఒక పొద్దున గేటు అవతలే నిలబడి “దొరసానీ, రేపటి సంది నేను రాను” అంది. మా ఆయన బయటికొచ్చి “ఏందే?” అన్నాడు. ఆమె చేతులు కొంగు కింద దాచుకుంది. ఆ కొంగు వణకడం నాకు కనిపించింది. అదే మాట మళ్లీ అని వెళ్లిపోయింది. తర్వాత నీళ్లు తెచ్చే ఆమె మానేసింది, బట్టలు ఉతికే ఆమె మానేసింది. మేము లక్సెట్టిపేటకు వచ్చేశాం. ఊళ్లో వెట్టి పోయిందన్నారు. ఆ పని ఎటూ పోలేదు. నా దగ్గరికి వచ్చింది. నన్ను ఎవరూ ఇష్టమా అని అడగలేదు. ఇవాళ ఈ కాగితం అడుగుతున్నది.

టక్. బల్ల మీద ఉంగరం. టక్.

సంతకం పెడితే బస్సులో కిటికీ పక్క సీటు ఇస్తాడు, బస్టాండులో చాయ తాగిస్తాడు. పెట్టకపోతే రేపు వంటింటి గుమ్మంలోకి ఎవరెవరిని తోలుకొస్తాడో, పిల్లలతో ఏం చెప్పిస్తాడో, ఎన్ని నెలలు నాతో మాట్లాడడో. పుట్టింట్లో అన్న ఉన్నాడు. అన్న కూడా ఈ నాటక సమాజంలో సభ్యుడే.

“పెట్టమంటున్న కద” అన్నాడు. మేడమ్ ఉందని నవ్వుతూనే అన్నాడు.

పెన్ను బల్ల మీద పెట్టాను. “ఇది నా ఇష్టంతోని చేసింది కాదు” అన్నాను.

నా గొంతు నాకే వినిపించలేదు. మేడమ్ వంగి, “ఏమన్నావమ్మా?” అంది. ఉంగరం ఆగిపోయింది. ముందు వరుసలోంచి లచ్చయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఇప్పుడు కూడా ఏమీ లేదు మేడమ్ అని పెన్ను అందుకోవచ్చు. పెన్ను అక్కడే ఉంది.

“ఏందే?” అన్నాడు మా ఆయన, నాకొక్కదానికే వినపడేట్టు.

చేతులు రెండూ కొంగు కింద పెట్టుకొని, “రేపటి సంది నేను వండ” అన్నాను.