చెల్లెలి కణాలు

జ్వరం తగ్గి నెలలు గడిచినా, దర్జీ పని చేసుకునే చెల్లెలి దగ్గర రక్తం తీసుకోవడానికి అక్క వస్తూనే ఉంది. "ఇంకొక్క పరీక్షే, భయపడకు" అనేది. ఆ మాటకే చెల్లెలి గుండెల్లో రాయి పడేది. ఏ మాయరోగమో, తన దగ్గర దాస్తున్నారేమో! ఎన్నాళ్లుంటానో ఏమోనని కొత్త మిషను కొనడం కూడా మానుకుంది.

అక్క పనిచేసేది వైరస్‌ల ప్రయోగశాలలో. ఒకరోజు ఆమె మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి చెల్లెలు అక్కడికి వెళ్లింది. అక్క మీటింగులో ఉంది. ఆమెతో పనిచేసే పక్క కుర్చీ అతను మాటకారి. "ఈలోగా ఓ వింత చూద్దురుగాని" అని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు.

నల్లటి చీకట్లో ఆకుపచ్చ చుక్కలు మెరుస్తున్నాయి.

"ఈ కణాల్లో ఓ వైరస్ కిక్కురుమనకుండా పడుంటుందండీ. మనలో చాలామందికి ఉండేదే, కంగారేం లేదు. ఒక్కో రసాయనం వేసి చూస్తాం. కొన్నిటికి ఉలకదు పలకదు. కొన్నిటికి మేలుకుని ప్రోటీన్లు తయారుచేస్తుంది. వాటికి అంటించిన రంగే ఇది. ఇంత బాగా పలికిన కణాలు ఇంకెవరివీ లేవు. మీ పుణ్యమే!"

"నా పుణ్యమేంటి?"

"మీ రక్తంలోవేగా ఇవి!" అన్నాడతను. ఆమె మొహం చూసి నాలుక కరుచుకున్నాడు.

అప్పుడే అక్క, వెనకాలే ఆ శాఖ పెద్దావిడ వచ్చారు.

"మరి నా పరీక్షలు?" అంది చెల్లెలు.

"మొదట్లోనే చేయించా. అన్నీ బాగానే ఉన్నాయి."

"అప్పట్నుంచీ తెలుసా నీకు?"

అక్క నేలచూపులు చూసింది. "అడిగితే ఇవ్వవేమో అనుకున్నానే."

"అడిగుంటే చెయ్యి చాపేదాన్నే అక్కా. చచ్చిపోతానేమోనని నేను వణుకుతుంటే చూస్తూ ఊరుకున్నావు."

సంగతి అర్థమైన పెద్దావిడ మొహం గంటు పెట్టుకుంది. "ఈ కణాలు ఉంచాలో వద్దో మీరే చెప్పండమ్మా" అంది చెల్లెలితో.

అక్క గబుక్కున చెయ్యి పట్టుకుంది. "నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరవుతుందే!"

చెల్లెలు చెయ్యి విడిపించుకుంది. "పారేయండి."

పక్క కుర్చీ అతను కణాలున్న ఒక్కో గిన్నెలో బ్లీచింగు ద్రావణం పోస్తుంటే అక్క గోడవైపు తిరిగిపోయింది. ఆఖరిది అయ్యేదాకా చెల్లెలు నిలబడే చూసింది. గెలిచినట్టేమీ అనిపించలేదు.

ఇంటికి రాగానే తల్లి ఎదురొచ్చింది. "పరీక్షల సంగతేమందే అక్క?"

"అన్నీ బాగున్నాయటమ్మా."

"నే చెప్పలా! అది ఉండగా నీకేం లోటే!"

చెల్లెలు తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించసాగింది.