సందెవేళ నిద్ర

సూర్యం కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. చేతిలోని ముద్ద మాత్రం నోటి దగ్గరే ఆగిపోయింది. తల్లి లక్ష్మీనరసమ్మ రెండుసార్లు పిలిచింది. భుజం పట్టి కుదిపితే ఉలిక్కిపడి, లేని బ్రేకు కోసం నేలను బలంగా తొక్కాడు. పప్పుగిన్నె బోర్లాపడింది.

"ఏట్రా, కళ్ళు తెరుసుకునే నిద్దరేటి?"

భార్య భానుప్రియ నేల తుడుస్తూ అంది.

"రాత్రి కూడా ఇలాగే అయిందట అత్తమ్మా. బండి ఎనక్కి నడుపుతా కునుకు తీసారు. ఎనకాల నిలబడ్డ క్లీనరు దిలీప్ అరుసుకుంటా పక్కకి దూకబట్టి బతికాడు."

సూర్యం ఊరి బయట బొగ్గు కడిగే ప్లాంటులో బొగ్గు మోసే డంపరు లారీకి డ్రైవరు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, ఒక వారం సాయంత్రం. రాత్రి డ్యూటీకి ఒళ్ళు కాస్త అలవాటు పడేలోగా చార్టు మారిపోతుంది. మనిషి ఒంటికి వెలుగూ చీకటీ తెలుసు గానీ కాంట్రాక్టరు చార్టు ఎలా తెలుస్తుంది? ఎండలో ఇంటికొచ్చినవాడికి పొద్దెక్కింది లెమ్మని కళ్ళు చెబుతూనే ఉంటాయి. ఈవేళ బదిలీ మనిషి రాక, రాత్రి డ్యూటీ మధ్యాహ్నం దాకా సాగింది. ఇప్పుడు పడుకుంటే నిద్ర ముదిరేసరికి దీపాల వేళవుతుంది.

సందెవేళ మనిషి పడుకున్న ఇంటికి లక్ష్మి రాదని లక్ష్మీనరసమ్మ నమ్మకం. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన భర్త ఎర్రయ్యను బతికినన్నాళ్ళూ అలాగే లేపింది. కొడుకునీ నుదుటి మీద చెయ్యి వేసి ప్రేమగానే లేపుతుంది. ప్రేమతో చేసేదాన్ని కాదనడం ఎవరికైనా కష్టమే.

"ఈ పూటకి లేపొద్దు అత్తమ్మా. పొద్దుపోయాక కదా డ్యూటీ."

"దీపాల ఏళ పడుకుంటే ఇల్లేటవుతాది?"

"లేపితే మనిషేటవుతాడో అది సూడండి."

ముసలామెకు కోపం వచ్చింది. భానుప్రియ కిటికీకి దుప్పటి కట్టింది. సూర్యం మంచం మీద వాలిపోయాడు. తల్లి పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ అతని కాలిని చూసింది. నిద్రలోనూ ఆ పాదం మాటిమాటికీ బిగుసుకుని మంచంపట్టెను తొక్కుతోంది. పెదవులు "హటో, హటో" అని, ఎవరినో తప్పుకోమన్నట్టు కదులుతున్నాయి. బిడ్డకి కల కూడా డ్యూటీయే అయిపోయింది.

సందె పడింది. లక్ష్మీనరసమ్మ అగ్గిపెట్టె తీసుకుని లేచేసరికి వాకిట్లో బైకు ఆగింది. ప్లాంటు సూపర్‌వైజరు రమణబాబు. చిన్నప్పుడు సూర్యంతో ఒకే రైల్వే కాలనీలో పెరిగినవాడు.

"పిన్నీ, సూర్యాన్ని లేపు. సాయంత్రం డ్రైవరు రాలేదు. ఇప్పట్నుంచి తెల్లారేదాకా డబుల్ సెయ్యాలి."

"మద్దేన్నం దాకా సేసొచ్చాడు బాబూ."

"అచ్ఛా, అందరూ సేస్తన్నారు. రాకపోతే రేపట్నుంచి గేటు బందే, నాకేటీ తెలీదు." అతను నవ్వాడు. "అయినా దీపాల ఏళయింది కదా, ఎలాగూ లేపుతావు. అందుకే మనిషి తక్కువైనప్పుడల్లా ముందు మీ ఇంటికే వత్తాను."

లక్ష్మీనరసమ్మ అలాగే నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ ఇతను సరిగ్గా ఈ వేళకే ఎందుకొస్తున్నాడో ఇప్పుడు అర్థమైంది. తన దీపమే వీళ్ళకి సైరను.

ఆమె అగ్గిపెట్టెను బొడ్లో దోపుకుంది. తలుపు దగ్గరగా లాగి, గడప మీద అడ్డంగా కూర్చుంది. సందెవేళ అక్కడ కూర్చోకూడదని కోడలికి నూరిపోసిన మనిషే.

"మా ఇంట్లో ఇంకా సందె అవలేదు. ఎల్లు."

"గేటు బంద్ అంటే బందే పిన్నీ."

"ఇనబడింది. నాను లేపను."

వీధిలో దీపాలు వెలిగాయి. ఆ ఒక్క ఇల్లే చీకటిగా ఉంది. రమణబాబు జేబులోంచి ఫోను తీశాడు. మరుక్షణం లోపల సూర్యం ఫోను మోగింది. భానుప్రియ పరుగున వచ్చి దాన్ని అత్త చేతిలో పెట్టి, మళ్ళీ మంచం దగ్గరికి వెళ్ళింది.

ఫోను ఆపడం లక్ష్మీనరసమ్మకు రాదు. కొంగులో చుట్టి ఒడిలో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుంది. అది మోగుతూనే ఉంది.