జరగండి సర్

నర్సుల కాన్ఫరెన్సు కమిటీ జవాబు వచ్చేసరికి నేను బట్టలు మార్చుకునే గదిలో ఒంటికాలి మీద నిలబడి ఆపరేషన్ థియేటర్ చెప్పులు విప్పుతున్నాను. ఫోన్‌లో చదువుతూ రెండో కాలు కింద పెట్టడం మర్చిపోయాను.

"మీ శిక్షణ తరగతి ప్రతిపాదన మాకు చాలా నచ్చింది" అని మొదలుపెట్టారు. అంత నచ్చినదానికి ఇన్ని మార్పులు ఎందుకో. తరగతికి 'జరగండి సర్' అని పేరు పెట్టాను. అది మర్యాదగా లేదట, 'ఆపరేషన్ థియేటర్‌లో సత్సంబంధాలు' అని మార్చాలట. పైన ఒక సర్జన్ పేరు ఉండాలట, ఆయన కింద సహాయకురాలిగా నా పేరు వేస్తారట. మా వదిన సంగతి పూర్తిగా తీసేయాలట. వీటికి ఒప్పుకుంటేనే తరగతికి వచ్చిన నర్సులకు శిక్షణ గంటలు రాస్తారు. ఆ గంటలు లేకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు. కాబట్టి గంటలు రాయని తరగతికి ఈగ కూడా రాదు. పెళ్లికొడుకుని మార్చేయండి, పెళ్లి మాత్రం ఘనంగా చేద్దాం అన్నట్టుంది వ్యవహారం.

మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, టైలరు. ముందు గదిలో కిటికీ పక్కన మిషను. చేత్తో కాజాలు కుట్టడంలో ఆవిడకి పేరుంది. ఆవిడ కుట్టిన కాజా చొక్కా చిరిగినా చిరగదు. కిందటేడు పిత్తాశయంలో రాళ్లకి వేరే ఆస్పత్రిలో ఆపరేషన్ చేయించుకుంది. రాళ్లు పోయాయి. వాటితో పాటే ఎడమచేతి చివరి రెండు వేళ్లకి స్పర్శ పోయింది, చేతిలో పట్టు పోయింది. గుడ్డని సాగదీసి పట్టుకునే చెయ్యి అది. అప్పుడప్పుడు ఇలా అవుతుందమ్మా, అదే తగ్గుతుంది అన్నారు. తగ్గలేదు.

ఎలా అవుతుందో థియేటర్ నర్సుని కాబట్టి నాకు తెలుసు. మత్తిచ్చాక మనిషి చేతిని బల్లకి పక్కన తగిలించిన పలక మీద చాపి పెడతాం. పైన గుడ్డలు కప్పేస్తాం. ఇక చెయ్యి ఎక్కడుందో కనపడదు. సర్జన్ కళ్లు తన పని మీద ఉంటాయి. నడుం అలిసినప్పుడు తెలియకుండానే ఆ పలక మీదకి వాలతాడు. మోచేతి దగ్గర నరం నలుగుతుంది. మత్తులో ఉన్న మనిషి అబ్బా అనలేదు. ఆ అబ్బా పక్కనున్న నర్సు అనాలి.

ఆ రోజు ఆ థియేటర్‌లో ఉన్న నర్సు, నేను ఒకే బ్యాచ్‌లో చదువుకున్నాం. చాలా నెలల తర్వాత బస్టాపులో కలిసింది. మా వదిన అని తెలిసి ముఖం పాలిపోయింది.

"చూశానే. నోటిదాకా వచ్చింది. ఆయనకి ముక్కు మీదే కోపం. ఎలా అనాలో తెలీక అట్టే నించుండిపోయా" అంది.

నాకు దాని చెంప పగలగొట్టాలనిపించింది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, అదే నేనైతే ఎలా అనేదాన్నో అని చూశాను. 'సర్, ఏమనుకోకండి, వీలైతే, కొంచెం' అని తోకలు తగిలించకుండా నాకూ రాలేదు. అప్పుడు కోపం దాని మీద నుంచి మా అందరి మీదకీ మళ్లింది. నరం గురించి మాకు పాఠం అక్కర్లేదు, అది అందరికీ వచ్చు. రానిది మాట. కత్తెరలు అందించడం నేర్పారు, దారాలు అందించడం నేర్పారు, ఒక్క మాట అందించడం ఎవరూ నేర్పలేదు. అందుకే నా తరగతిలో ఒకే వాక్యం ఉంది. "సర్, మీరు చేతి మీద ఆనుకున్నారు, జరగండి." వచ్చినవాళ్లంతా దాన్ని నోరు తెరిచి బయటికి అనాలి. అంతే పాఠం.

కమిటీ పెద్దకి ఫోన్ చేశాను. ఆవిడ మాకు ట్రైనింగ్‌లో టీచరు. మేమంతా పెద్ద మేడమ్ అంటాం. నాకు చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి నేర్పింది ఆవిడే.

"డాక్టరు పేరు వేస్తే నీకేం పోయిందమ్మా?" అంది.

"డాక్టర్ని జరగమనడానికి కూడా డాక్టరు పర్మిషన్ అడిగినట్టుంటుంది మేడమ్."

"మాట పదును తగ్గించుకో. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు."

"మా నోళ్లు చాలా మంచివి మేడమ్. తెరిచిందెప్పుడు గనక."

చివరికి, భోజనాల హాలు పక్కన చిన్న గది ఉంది, లంచ్ టైములో కావాలంటే తీసుకో, గంటలు మాత్రం రాయం అంది. ఆ మాటతో నేను వెనక్కి తగ్గుతాననుకుంది. ఆ గదే ఇమ్మన్నాను.

సంగతంతా వదినకి చెప్పాను, తన ఊసు తీసేయమన్నారని కూడా. ఆవిడ మిషను ఆపి, వంగని వేళ్లని ఒళ్లో పెట్టుకుని విన్నది.

"చెయ్యి నాది. పోగొట్టుకున్నది నేను. దాచిపెట్టేది వాళ్లా?" అంది. "నేనే వచ్చి ఆ గదిలో కూర్చుంటా. తీసేయమను చూద్దాం."

కాన్ఫరెన్సు రోజు చూస్తే, ఆ గదిలో అదనపు కుర్చీలు, చేతులు కడుక్కునే సింకు, ఒక పొడవాటి బల్ల ఉన్నాయి. నా తరగతి పేరు ఏ బోర్డు మీదా లేదు. ఎవరూ రారనుకున్నాను. ప్లేట్లు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చారు. కూర్చునే చోటు దొరక్క వచ్చినవాళ్లు కొందరు, నేనేం గొడవ చేస్తానో చూద్దామని వచ్చినవాళ్లు కొందరు. నా బ్యాచ్‌మేట్ తలుపు పక్కన నిలబడింది. వదిన మూల కుర్చీలో చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆవిడ ఎవరో, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాను. బ్యాచ్‌మేట్ తల వంచుకుంది. దాని ఊసు మాత్రం ఎత్తలేదు. తర్వాత, బల్ల మీద ఎవరైనా పడుకోవాలి, రండి అన్నాను. ఇస్త్రీ బట్టలతో వచ్చినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"నేను పడుకుంటాలే" అంటూ పెద్ద మేడమ్ లోపలికి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో చూడలేదు. "పేషెంటుని ఎలా పడుకోబెట్టాలో నీకు నేర్పింది నేనేగా. ఎంత గుర్తుందో చూస్తా."

ఆవిడని పడుకోబెట్టి, ఒక కుర్చీ పక్కకి జరిపి ఎడమ చేతిని దాని మీద చాపాను. అరచెయ్యి కిందికి పెట్టాను. అది తప్పు, పైకి ఉండాలని ఆవిడకి తెలుసు, అయినా ఏమీ అనలేదు. బల్ల మీద నుంచి ముందే తీసి ఉంచిన తెల్లగుడ్డనే పైన కప్పాను. తర్వాత సర్జన్‌లా నిలబడి, ఆవిడ కడుపు వైపు వంగి, మోచేతి మీద మెల్లగా ఆనాను.

"అనండి" అన్నాను.

ఎవరూ అనలేదు. నవ్వులు వినిపించాయి, చెంచాల చప్పుడు వినిపించింది. నేను ఆనుకునే ఉన్నాను. నవ్వులు ఆగిపోయాయి. అందరూ నీళ్లు నములుతున్నారు. నిజం ఆపరేషన్ కాదు, నిజం డాక్టర్ని కాదు, తోటి నర్సుని. అయినా నోరు రాలేదు.

"చెయ్యి తిమ్మిరెక్కుతోంది. జరుగమ్మా ఇక" అంది మేడమ్ గుడ్డ కింద నుంచి.

"మీరు మత్తులో ఉన్నారు మేడమ్. మీరు మాట్లాడలేరు. మీ కోసం ఇంకెవరైనా మాట్లాడాలి."

మేడమ్ మళ్లీ నోరు తెరవలేదు. చెయ్యి కూడా లాక్కోలేదు, అందుకు ఆవిడకి దణ్ణం పెట్టాలి. లాక్కుంటే నా తరగతి అక్కడితో సరి.

"సర్, కొంచెం..." ఎవరో సన్నగా అన్నారు.

"కొంచెమంటే కొంచెమే జరుగుతా" అని వేలెడు జరిగి మళ్లీ ఆనుకున్నాను.

అప్పుడు తలుపు దగ్గర నుంచి వినిపించింది. "సర్, మీరు చేతి మీద ఆనుకున్నారు. జరగండి."

నా బ్యాచ్‌మేట్. ఒక్క తోక కూడా తగిలించలేదు. నేను జరిగాను. ఒకసారి దారి పడ్డాక మిగతావాళ్లు ఊరుకుంటారా. మళ్లీ ఆనుకున్నాను, గదంతా ఒక్క గొంతుతో అంది. ఇంకోసారి ఆనుకున్నాను, ఈసారి ఉపన్యాసాలివ్వడానికి వచ్చి భోజనాల హాల్లో కూర్చున్న డాక్టర్లు తలలు తిప్పి చూశారు. చూడనిమ్మన్నాను.

మేడమ్ లేచి కూర్చుని, మోచెయ్యి రుద్దుకుంటూ వదిన వైపు చాలాసేపు చూసింది. "వచ్చే ఏడాదికి మళ్లీ అప్లై చెయ్యి" అంది నాతో.

"ఒక్క మాట కూడా మార్చను మేడమ్."

"మార్చమన్నానా?" అని చెప్పులు వెతుక్కుంది.

తిరిగి వస్తుంటే బస్సులో వదిన టికెట్టుని మంచి చేతిలో నలుపుతూ కూర్చుంది.

"తలుపు దగ్గర నుంచి ముందు అన్నావిడ నా ఆపరేషన్లో ఉంది కదూ?"

నేను ఆ పేరు ఎన్నడూ చెప్పలేదు. "ఎలా తెలిసింది వదినా?"

"నిన్ను చూసి అనలేదుగా. నన్ను చూసి అంది."

వదిన 'జరగండి' అన్న ఆ మాటని పెదాలతో, చప్పుడు లేకుండా, తనలో తను అనుకుని చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంతేనా? ఇంత చిన్న మాట లేకనా నా చెయ్యి పోయింది?"